హల్వా బీరువాలో సముద్రం

సముద్రాన్ని అదుపులో పెట్టడానికని ఒక ఆఫీసు తెరిచి, దానికి సముద్రం ఇవ్వడం మాత్రం మరిచిపోతే ఏమవుతుందో తెలియాలంటే మాడుగుల నూకరత్నం ఇంట్లో జరిగింది వినాలి.

నూకరత్నం పుట్టింది పూడిమడకలో. తల్లి కడుపులో ఉండగానే అలల చప్పుడు విన్న మనిషి. మెట్టిన ఊరు మాడుగుల. చుట్టూ కొండలు, చెరుకు చేలు, వీధికో హల్వా దుకాణం. ఉప్పుగాలి అంటే ఏమిటో ఆ ఊళ్లో ఎవరి ముక్కుకీ తెలియదు. పెళ్లైన కొత్తలో ఆవిడకి చెవులు బోసిపోయినట్టుండేది. అమావాస్యకో పున్నానికో ఏదో వంక పెట్టుకుని పుట్టింటికి వెళ్లిపోయేది. వెళ్లిందంటే వారం. ఆ వారమూ మొగుడు సన్యాసిరావు హోటల్లో తిని కడుపు పాడుచేసుకునేవాడు.

సన్యాసిరావు కాలిపోయిన మోటార్లకి తీగ చుట్టే పనివాడు. పాడైపోయిన వస్తువుని చూస్తే పసిపిల్లని చూసినట్టు చెయ్యి చాపే రకం. ఓ రోజు కడుపు పట్టుకుని కూర్చుని ఆలోచించాడు. ఈవిడ సముద్రం కోసం వెళ్తోంది గాని పుట్టింటి కోసం కాదు. సముద్రాన్నే ఇంటికి తెచ్చేస్తే పోతుంది కదా అనుకున్నాడు.

డబ్బున్నవాడైతే పట్నం వెళ్లి కొనుక్కొచ్చేవాడు. లేనివాడికి బుర్రే ఆస్తి. బజారులో ఒక హల్వా దుకాణంవాళ్లు పాత అద్దాల బీరువా తీసేస్తుంటే, ఫ్యాను బాగుచేసినందుకు బదులుగా ఆ అద్దాలు అడిగి తెచ్చుకున్నాడు. అంచులకి జిగురు పట్టించి పెద్ద తొట్టె కట్టాడు. ఎన్ని సార్లు కడిగినా మొదటి నెల నీళ్ల మీద నెయ్యి తేలుతూనే ఉంది. మాడుగుల హల్వా అంటే ఊరికే కాదు మరి. సిమెంటులో ఆల్చిప్పల పొడి కలిపి గుహల్లాంటి రాళ్లు పోతపోశాడు. సిమెంటు ఘాటు పోవడానికి వాటిని డ్రమ్ములో నానబెట్టి, నీళ్లు మార్చి, మళ్లీ నానబెట్టి, నూకరత్నం "ఈ రాళ్లు ఉడికీసరికి మనకి మనవలు పుట్టేస్తారు" అని దెప్పేదాకా ఆగాడు. పాత కూలరు మోటారు నీళ్లలో దింపి అల పుట్టించాడు. కూల్‌డ్రింకు సీసా కోసి, గాలి బుడగలు పంపి, నీళ్లలో మురికిని నురగ చేసి పైకి తీసే గొట్టం చేశాడు. పెళ్లిళ్లకి లైట్లు కట్టేవాడి దగ్గర మిగిలిన నీలం, తెలుపు దీపాల పట్టీలు తెచ్చి పైన బిగించాడు.

నీళ్లకి లోటు లేదు. నూకరత్నం తమ్ముడు దానయ్య వారంవారం చేపల ఆటో వేసుకుని వస్తాడు. ఒడ్డు దగ్గర బురద నీళ్లు కాకుండా, పడవ మీద లోపలికి వెళ్లినప్పుడు డబ్బాల్లో నింపి తెస్తాడు. ఇక పగడం. విశాఖపట్నంలో ఒక బ్యాంకు ఆయన ఇల్లు మారుతూ తన తొట్టె ఎత్తేస్తుంటే, అందులో పెరిగిన మెత్తని పగడం నుంచి ఒక పిలక ఇచ్చాడు. సముద్రంలోంచి పీకింది కాదు. అరటి పిలక ఇచ్చినట్టే ఇచ్చాడు. అది రాయికి అతుక్కుని, చేతివేళ్లలా చిగుళ్లు వేసి ఊగడం మొదలెట్టింది. దాంతోపాటే నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న చేపల జంటనీ ఇచ్చాడు. పెద్దది ఆడది, పెత్తనం దానిది. చిన్నది మగది, దాని వెనకే తిరుగుతుంది. నూకరత్నం పెద్దదానికి అప్పాయమ్మ అనీ చిన్నదానికి గురవయ్య అనీ పేర్లు పెట్టింది. అప్పాయమ్మ ఆవిడ మేనత్త పేరు. బుద్ధి కూడా మేనత్తదే.

ఎండాకాలంలో నీళ్లు వేడెక్కకుండా పైన టేబులు ఫ్యాను తిరుగుతూ ఉండాలి. ఆ గాలికి నీళ్లు ఆవిరైపోతాయి గాని ఉప్పు పోదు. పులుసు మరిగి చిక్కబడితే నీళ్లు పోస్తాం గాని మళ్లీ ఉప్పు వేస్తామా? అలాగే నూకరత్నం రోజూ పొద్దున్న అద్దం మీద గీసుకున్న గీత వరకు మంచినీళ్లు పోసేది. తరవాత చిటికెడు మేత. అప్పాయమ్మ వచ్చి ఆవిడ వేలు కొరికి చూసేది. అప్పటినుంచి నూకరత్నం పుట్టింటికి పండగలకే వెళ్లింది. సన్యాసిరావు కడుపు కుదుటపడింది.

ఇలా ఉండగా, రాజధానిలో సాగర నియంత్రణ మండలి అని ఒకటి పుట్టింది.

పుట్టడం బాగానే పుట్టింది. భవనం ఇచ్చారు, జీపులు ఇచ్చారు, తుఫాను జెండాలు ఇచ్చారు, అధికారి కుర్చీ మీద కప్పడానికి తెల్ల తువ్వాళ్లు ఇచ్చారు. తీరా సముద్రం పంచుకుందామని వెళ్లేసరికి ఏమీ మిగల్లేదు. రేవులు ఓడల శాఖవాళ్లు పట్టుకున్నారు. చేపలు చేపల శాఖవి. ఇసుక పర్యాటకం వాళ్లది. మడచెట్లు అడవివాళ్లవి. పెద్దకొడుకు, నడిపికొడుకు, చిన్నకొడుకు భూములు పంచేసుకున్నాక ఊళ్లోకి దిగిన దత్తపుత్రుడిలా నిలబడింది మండలి. కొన్నేళ్లు జెండాలు ఉతికి ఆరేసుకుంటూ గడిపారు. చివరికి తనిఖీకి వచ్చిన ఒక పెద్దాయన "అంతా బాగుంది, మీ సముద్రం ఏదీ?" అని అడిగేశాడు.

ఆ ప్రశ్నకి జవాబుగా మండలి ఒక నిర్వచనం కనిపెట్టింది. "ఏ నీటియందు ఉప్పు, అల, ప్రాణము అను మూడును కలవో ఆ నీరు ఎచ్చట ఉన్నను, ఎంత ఉన్నను సముద్రమే." ఇందులో రసం కూడా చిక్కుకుంటుందేమోనని ఒక సభ్యుడు సందేహించాడు. రసంలో ఉప్పుంది, మరిగేటప్పుడు అల ఉంది, ప్రాణం లేదు కాబట్టి రసం బయటపడింది. ఆ లెక్కన ఇళ్లలో దాగి ఉన్న సముద్రాలను వెతికి పట్టుకోండని జీపుల్ని నాలుగు దిక్కులకీ తోలారు.

మన దిక్కుకి వచ్చిన అధికారి కూర్మనాథరావు గారు. వెనక సర్వేయరు ఎర్రినాయుడు. కొండల్లో ఎక్కడా సముద్రం దొరక్క, విసుగెత్తి, మాడుగులలో హల్వా తిందామని జీపు ఆపారు. దుకాణంవాడు పొట్లం కడుతూ ఊరికే ఉండొచ్చు కదా. "మా పాత బీరువాలో ఇప్పుడు సముద్రం ఉందండి" అన్నాడు గొప్పగా.

కూర్మనాథరావు గారు హల్వా నోట్లో పెట్టుకోకుండానే జీపెక్కారు.

నూకరత్నం గుమ్మంలో వంకాయలు తరుగుతోంది. జీపు చూసి కత్తిపీట పక్కకి జరిపింది. అధికారి చెప్పులు విప్పి లోపలికి వచ్చి, తొట్టె ముందు గుళ్లోకి వచ్చినట్టు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఇందులో ఉప్పు ఉన్నదా?" అన్నారు చివరికి.

"ఉందండి బాబూ. నేకపోతే బతకవు కదండీ."

ఆయన వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నారు. ఒకరి నాలుక మీద ఆధారపడకూడదని ఎర్రినాయుడు చేత కూడా రుచి చూపించారు.

"ఉప్పే సార్" అన్నాడు ఎర్రినాయుడు.

"అల?"

సన్యాసిరావు వర్కుషాపు నుంచి పరుగెత్తుకొచ్చి కూలరు మోటారు చూపించాడు. నీళ్లు ఇటునుంచి అటు ఊగుతున్నాయి.

"ప్రాణము?" అంటూ ఆయన మళ్లీ వేలు పెట్టారు. అప్పాయమ్మ రాతి వెనకనుంచి బాణంలా వచ్చి ఆ వేలు కొరికింది. ఆయన వేలు పైకెత్తి చూసుకుని, "ప్రాణము ఉన్నట్లు నిర్ధారణ అయినది" అన్నారు. ఎన్నాళ్ల నిరీక్షణ అది.

"అమ్మా, మీరు ఇంతకాలంగా సముద్రతీరమున నివసించుచున్నారు. ఈ విషయం మీకు తెలుసునా?"

"పెళ్లికి ముందు తెలుసు బాబూ. తరవాత నేదనుకున్నాను."

"ఇకమీదట ఇది మాడుగుల సముద్రము. మండలి ఆధీనంలోని తొలి సముద్రము."

"మా ఇంట్లో ఉన్నాది కదండీ" అన్నాడు సన్యాసిరావు.

"సముద్రం ఎక్కడున్నా ప్రభుత్వానిదే నాయనా."

"పోనీ అద్దం నాదండి. నేనే కట్టాను."

"సముద్రానికి అంచున ఉన్నదాన్ని ఏమంటారు?"

"ఒడ్డంటారండి."

"ఒడ్డు కూడా ప్రభుత్వానిదే." కొంచెం ఆలోచించి, మనసు కరిగినట్టుగా, "తొట్టె కింది బల్ల కాళ్లు మీరు ఉంచుకోవచ్చు" అన్నారు.

మర్నాడు కొలతలు మొదలయ్యాయి. పోటు ఎంతవరకు వస్తుందో తేల్చాలి కాబట్టి మోటారు జోరు పెంచమన్నారు. నీటిచుక్కలు ఎగిరి ఎదురుగోడ మీద పడ్డాయి. చుక్క పడినచోట ఎర్రినాయుడు ఎర్ర గుర్తు పెట్టాడు. అక్కడినుంచి తీరప్రాంతపు హద్దు కొలిస్తే టేపు వంటగదిలోకి వెళ్లి పొయ్యి దాటి పెరటి గుమ్మం దగ్గర ఆగింది.

"పొయ్యి తీరంలో పడింది సార్."

"తీరమున శాశ్వత కట్టడములు నిషిద్ధము. తొలగించాలి."

"ఆ మంచమో సార్?"

"మడత మంచమేనా? అయితే తాత్కాలిక కట్టడము. ఉండనివ్వండి."

పొయ్యి అరుగు మీదికి వెళ్లింది. నూకరత్నం వీధిలో పోయేవాళ్లందరికీ కూర ఏమిటో చెబుతూ వండుకోవాల్సి వచ్చింది. టేబులు ఫ్యాను గాలివేగం కొలిచి, మూడో నంబరులో తిప్పితే అది తుఫాను కిందికి వస్తుందనీ, ఒకటో నంబరు వరకు పిల్లగాలిగా పరిగణిస్తామనీ తేల్చారు. గుమ్మం మీద కర్ర పాతి జెండా కట్టించారు. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే రేవులో ఎగరేసినట్టే ఇక్కడా ఎగరెయ్యాలట. దాన్ని చూసి వీధిలోవాళ్లు పార్టీ జెండా అనుకుని ఎవరి పార్టీయో తెలియక అందరూ దండం పెట్టడం మొదలెట్టారు.

అంతటితో పోలేదు. సముద్రతీరానికి రావద్దని ప్రజలను ఆపే హక్కు ఎవరికీ లేదు కదా. సాయంత్రం తలుపు వెయ్యబోతే ఎర్రినాయుడు అడ్డం వచ్చాడు. పొరుగింటి రావులమ్మ మొదటిరోజే కోడళ్లిద్దరినీ వెంటేసుకుని చాప పట్టుకుని వచ్చేసింది.

"ఏటే రావులమ్మా, ఇలగొచ్చీసేవు?"

"బీచికి ఒచ్చేనే రత్నం. డాక్టరు నన్ను గాలికి తిరగమన్నాడు. ఒకటో నంబరు గాలంట కదా, అది నాకు పడతాది."

వారం తిరిగేసరికి ముంత మసాలా బండివాడు గుమ్మం ముందు నిలబడ్డాడు. కొత్తగా పెళ్లైన జంటలు వచ్చి తొట్టె ముందు నిలబడి ఫోటోలు తీయించుకున్నారు. పేకాట ఆడేవాళ్లు నలుగురు మూల ఖాయం చేసుకున్నారు. సన్యాసిరావు తన మడత మంచం మీద తను పడుకోవాలంటే వాళ్లని బతిమాలాలి.

"ఒలే, సముద్రం తెచ్చింది నువ్వు పుట్టింటికి ఎల్లకుండా ఉండడానికే. ఇప్పుడు ఊరికి ఊరే మనింటికొచ్చింది" అన్నాడు ఓ సాయంత్రం.

"ఊరుకో మావా. చేపలు బానే ఉన్నాయి కదా."

అదే ఆవిడ పట్టు. పొయ్యి అరుగు మీదికి పోనీ, ఇల్లు సంత కానీ, పొద్దున్నే చెంబుడు నీళ్లు, చిటికెడు మేత, అప్పాయమ్మ కొరుకుడు. ఈ మూడూ సాగితే చాలనుకుంది. కూర్మనాథరావు గారు కూడా రోజూ నాలుగింటికి తనిఖీకి వచ్చి కుర్చీ వేసుకుని తొట్టె ముందు కూర్చునేవారు. మొదట్లో ఏదో రాసుకునేవారు. తరవాత తరవాత కలం జేబులోనే ఉండిపోయేది. "గురవయ్య ఏడమ్మా, కనపడ్డం లేదు?" అనేవారు. వాడు పగడం వేళ్ల మధ్యనుంచి తల బయటపెడితే ఈయన మొహం విచ్చుకునేది. ఎంత అధికారైనా తల్లి కన్నబిడ్డే కదా.

అంతా ఇలాగే సాగేదేమో, ఏప్రిల్ నెల రాకపోతే.

సముద్రం మీద వేట ఆపేసే కాలం వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే రోజులని ఏటా రెండు నెలలు పడవలు ఒడ్డెక్కిస్తారు. నూకరత్నం పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. ఆ ఊసు తన హాల్లోకి వస్తుందని మాత్రం అనుకోలేదు.

కూర్మనాథరావు గారు ఆ రోజు కుర్చీలో కూర్చోలేదు. నిలబడే చదివారు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, నిషేధకాలమున మాడుగుల సముద్రమునందు వలగాని, ఎరగాని, తత్సమానమైన ఏ సాధనముగాని దింపరాదు."

"వలేటి బాబూ, మాకు వలే నేదు. నాను సెయ్యి పెట్టి సుబ్బరం చేస్తాను, అంతే."

ఆయన ఎర్రినాయుడు వైపు చూశారు. ఎర్రినాయుడు నూకరత్నం చేతిని పరీక్షగా చూశాడు.

"వేళ్లున్నాయి సార్. వేళ్ల మధ్య సందులున్నాయి. నీళ్లు సందుల్లోంచి పోతాయి, చేప ఆగుతుంది."

"అయితే వలయే" అన్నారు కూర్మనాథరావు గారు.

"మేతో బాబూ?"

"చేపను పైకి రప్పించు పదార్థము ఎర అనబడును."

"మంచినీళ్లయినా పొయ్యనివ్వండి. ఆవిరైపోతే ఉప్పు ఎక్కువైపోయి పగడం ముడుచుకుపోద్ది."

ఆయన ఇబ్బందిగా సర్దుకున్నారు. "అదే చిక్కమ్మా. సముద్రంలో మంచినీరు కలిస్తే దానిని నదీసంగమము అంటారు. నదులు నీటిపారుదల శాఖవి. వారికి రాశాము. మీ చెంబుకి పరీవాహక ప్రాంతం ఎంతో తెలుపమన్నారు."

తొట్టె చుట్టూ ఎవరూ దాటకుండా టేపు కట్టి, పైన జాలీ మూత పెట్టి దానికి లక్క ముద్ర వేశారు. ఎర్రినాయుడిని తీరరక్షకుడిగా కూర్చోబెట్టి ఈల ఇచ్చారు. పేకాటవాళ్లు మాత్రం ఆడుకోవచ్చన్నారు. వాళ్లు వేటాడ్డం లేదు కదా.

మొదటిరోజు పొద్దున్న నూకరత్నం చెంబు పట్టుకుని అలవాటుగా లేచి వెళ్లింది. ఈల మోగింది. వెనక్కి వచ్చింది. అప్పాయమ్మ అద్దం దగ్గరికి వచ్చి, నోరు తెరిచి మూసి, తెరిచి మూసి, ఇంకా ఎందుకు పెట్టవన్నట్టు చూసింది. నూకరత్నం టేపు ఇవతల కూర్చుని అద్దం మీద వేలు పెట్టింది. జైల్లో ఉన్నవాళ్లని చూడ్డానికి వెళ్లినట్టే ఉంది. తేడా ఏమిటంటే జైల్లోవాళ్లకి రెండు పూటలా కూడు వేస్తారు.

రోజులు గడుస్తున్నకొద్దీ నీళ్లు గీత నుంచి కిందికి దిగాయి. అద్దం లోపల పచ్చటి నాచు పట్టింది. నురగ గొట్టం పైన గిన్నె నిండి మురికి మళ్లీ లోపలికే కారుతోంది. పగడం ఒక్కొక్క వేలూ ముడుచుకుని, చలికి ముడుచుకున్న ముసలమ్మలా అయింది. గురవయ్య కనపడ్డం మానేశాడు. అప్పాయమ్మ ఒకమూల నీళ్ల పైభాగంలో గాలికోసం తేలుతున్నట్టు ఉండిపోయింది.

"ఎర్రినాయుడుగారూ, మీకూ పిల్లలున్నారు" అంది నూకరత్నం.

"ఉన్నారమ్మా. అందుకే ఉద్యోగం చేస్తన్నాను" అన్నాడు అతను, ఈల చేతిలో తిప్పుకుంటూ, తొట్టెవైపు చూడకుండా.

దానయ్య చేపలు లేని ఆటో వేసుకుని అక్కని చూడ్డానికి వచ్చాడు. సంగతి విని టేపు తెంపేస్తానన్నాడు.

"తెంపితే నిన్ను పట్టుకుపోతారు, తొట్టెనీ పట్టుకుపోతారు. తొట్టె మోస్తే అవి సచ్చిపోతాయి" అంది నూకరత్నం.

"మరేటి సేస్తావప్పా?"

ఆవిడ లేచి కొంగు దులుపుకుంది. తరవాత తలకి నూనె రాసుకుని, జడ బిగించి, మంచి చీర కట్టుకుంది. "ఒరే, ఎవుడైనా నీ ఆవుని నాదని తోలుకుపోతే ఏటి సేస్తావు?"

"తంతాను."

"నాను తన్నను. గడ్డి కూడా నువ్వే కొనరా అంటాను."

నాలుగింటికి కూర్మనాథరావు గారు వచ్చారు. తొట్టె చూసి మొహం తిప్పేసుకున్నారు. నూకరత్నం ఆయనకి కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, తను నేలమీద కూర్చుంది.

"బాబూ, ఇది మీ సముద్రమే కదండీ?"

"నిస్సందేహముగా."

"అందుకే అడుగుతన్నాను. అల ఎవరు వెయ్యాలండి?"

ఆయనకి అర్థం కాలేదు.

"ఇన్నాళ్లూ మా ఆయన మోటారు తిప్పతన్నాడు. కరెంటు మాది. ప్రభుత్వ సముద్రంలో ప్రైవేటు మనిషి అల వెయ్యడం తప్పు కదండీ. రేపట్నుంచి మీవోళ్లని పంపండి. పగలొకరు పోటుకి, సాయంత్రం ఒకరు ఆటుకి."

కూర్మనాథరావు గారు మజ్జిగ గ్లాసు కింద పెట్టారు.

"ఊళ్లో జనం వస్తన్నారు. ఎవడైనా కాలు జారి పడితే? గజఈతగాడిని పెట్టాల."

"అమ్మా, దాని లోతు మోకాలి వరకే..."

"సముద్రమన్నారు కదండీ. మరి లైటుహౌసో? సీకటి పడితే దారి ఎలా తెలుస్తాది? కిందటి ఆదివారం రావులమ్మ చిన్నకోడలు బల్లకి గుద్దుకుంది. ఇంకోటి బాబూ. వేట ఆపితే మా పూడిమడకోళ్లకి ప్రభుత్వం ఏదో ఇంత సాయం ఇస్తాది. ఈ సముద్రం మీద బతికే మత్స్యకారులం మేమిద్దరమే. మాకేదండి?"

ఎర్రినాయుడు ఈల జేబులో పెట్టేసుకున్నాడు.

"అన్నిటికన్నా పెద్ద మాట" అంటూ నూకరత్నం గొంతు తగ్గించింది. "అదిగో అప్పాయమ్మ. రేపో మాపో పోతాది. చేపలు సచ్చి తేలితే పేపరోళ్లు వస్తారు. ఆ సముద్రం ఎవరి సేతిలో ఉండగా సచ్చిపోయిందని రాస్తారండి?"

కూర్మనాథరావు గారు తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నారు. తుడుచుకుంటూ తుడుచుకుంటూ వేళ్ల సందుల్లోంచి తొట్టెలోకి చూశారు. "గురవయ్య ఉన్నాడా?" అన్నారు మెల్లిగా, ఆఫీసు భాష మరిచిపోయి.

"తెలవదు బాబూ. శానా రోజులైంది కనపడి."

ఆయన లేచారు, కూర్చున్నారు, మళ్లీ లేచారు. "వదిలేద్దామంటే నేను వదలలేనమ్మా. ఒకసారి సముద్రమని ప్రకటించాక కాదని చెప్పే నిబంధన లేదు. సముద్రాన్ని రద్దు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదు."

"అయ్యో, సముద్రం కాదని ఎందుకండీ. సముద్రమే. కాపోతే మా నాన్న ఒక మాట సెప్పీవోడు. ఒడ్డుకి మరీ దూరమెళ్లిపోకురా, అక్కడి నీళ్లు మనవి కావు, ఇంకో దేశపోళ్లు పట్టుకుపోతారు అనీవోడు మా తమ్ముడితో." ఆవిడ కొంగు సవరించుకుంది. "మాడుగుల ఒడ్డుకి దగ్గరంటారా బాబూ?"

ఆయన జేబులోంచి కలం తీశారు.

"ఎర్రినాయుడూ" అన్నారు కూర్మనాథరావు గారు. "మన దేశపు నీళ్లు ఒడ్డునుంచి ఎంతవరకు?"

"పన్నెండు సముద్రపు మైళ్లు సార్."

"ఏ దిక్కుకి?"

ఎర్రినాయుడు ఆలోచించాడు. అందరూ సముద్రంలోకే కొలుస్తారని అతనికి తెలుసు. కానీ అతను సర్వేయరు. రాసి ఉన్నదే చెప్పాలి. "మన నిబంధనల్లో దిక్కు రాయలేదు సార్."

వాళ్లు ఇక ఆగలేదు. జీపు పూడిమడక వెళ్లింది. ఒడ్డున చక్రం తడిపి, వెనక్కి తిప్పి, కొండలవైపు కొలుచుకుంటూ వచ్చింది. అనకాపల్లి పొలిమేరల్లో దేశం అయిపోయింది. అక్కడినుంచి మాడుగుల వరకు, చెరుకు బళ్ల మధ్యనుంచి, కూర్మనాథరావు గారు పరాయి జలాల్లో ప్రయాణించారు. దారిలో ఒక పోలీసాయన నమస్కారం పెడితే తిరిగి పెట్టాలో వద్దో తెలియక ఊరుకున్నారు.

మర్నాడు పొద్దున్నే హాల్లో నిలబడి చదివారు. "మాడుగుల సముద్రము తీరమునకు మిక్కిలి దూరమున, దేశ జలపరిధికి ఆవల ఉన్నట్లు కొలతల వలన తేలినందున, సదరు సముద్రముపై మండలికి ఎట్టి అధికారము గాని, బాధ్యత గాని, ముఖ్యముగా ఎట్టి ఖర్చు గాని లేదని ఇందుమూలముగా..."

ఆ వాక్యం ఎక్కడ ముగిసిందో నూకరత్నం వినలేదు. ఆయన సంతకం పెడుతుండగానే లక్క ముద్ర ఊడబెరికింది. గబగబా చెంబుతో పొయ్యలేదు, అలా పోస్తే చేపలు తట్టుకోలేవు. ధారగా, పసిపిల్లకి పాలు పట్టినట్టు, ఆగి ఆగి పోసింది. నురగ గిన్నె పారబోసింది. అద్దం తుడిచింది. అప్పుడు చిటికెడు మేత వేళ్ల మధ్య నలిపి వదిలింది.

అప్పాయమ్మ కదల్లేదు. మేత దాని ముక్కు ముందునుంచి తేలిపోయింది. సన్యాసిరావు, దానయ్య, రావులమ్మ, ఈల జేబులో పెట్టుకున్న ఎర్రినాయుడు, పేకముక్కలు బోర్లించిన నలుగురూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. నూకరత్నం చెయ్యి నీళ్లలోనే ఉంచింది. "రాయే అత్తా" అంది. "కోపమొస్తే వచ్చింది గాని, రా."

అప్పాయమ్మ తోక ఒకసారి ఆడించింది. నెమ్మదిగా వచ్చి, చూసి, ఆవిడ వేలు గట్టిగా కొరికింది. ఆ తరవాతే మేత తింది. రాతి గుహలోంచి సన్నబడిపోయిన గురవయ్య బయటికి వచ్చి పెళ్లాం వదిలేసిన మెతుకు ఏరుకున్నాడు. సాయంత్రానికి పగడం రెండు వేళ్లు విప్పింది.

పేకాటవాళ్లని దానయ్య బయటికి పంపాడు. పొయ్యి లోపలికి వచ్చింది. రావులమ్మ చాప చుట్టుకుంటూ, "మళ్లీ నా గాలికి ఎవరు దిక్కే?" అని గొణుక్కుంటూ వెళ్లింది. మండలి మళ్లీ సముద్రం లేనిదైపోయింది.

ఓ నాలుగు రోజులు పోయాక, సరిగ్గా తనిఖీ వేళకి, గుమ్మంలో ఎవరో దగ్గారు. జీపు చప్పుడు వినబడలేదు. కూర్మనాథరావు గారు నడిచి వచ్చారు. చేతిలో హల్వా పొట్లం ఉంది. చెప్పులు విప్పి, గడప బయటే నిలబడిపోయారు.

"పనిమీద రాలేదమ్మా. ఇటుగా వెళ్తూ..." అని ఆగి, మెడ సాచి లోపలికి చూశారు. "గురవయ్య ఒళ్లు చేశాడా? ఒక్క నిమిషం చూసి వెళ్లిపోతాను."

నూకరత్నం మేత డబ్బా మూత బిగిస్తూ ఆయన్ని ఎగాదిగా చూసింది. హల్వా పొట్లం చూసింది. గడపకి అవతలున్న ఆయన కాళ్లు చూసింది.

"సూడొచ్చు బాబూ, దానికేటి" అంది. "పాస్‌పోర్టు తెచ్చుకున్నారా?"

కూర్మనాథరావు గారి చెయ్యి దానంతటదే చొక్కా జేబులోకి వెళ్లింది.